పాత కథలోంచి కొత్త ఆట: 1872 నాటి గాబ్లిన్లను మా టేబుల్ మీదికి ఎలా తేవాలి?

లాంతరు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం నలుగురం కొంతకాలంగా ఫాంటసీ ఆర్‌పీజీ (ఒక్కొక్కరూ ఒక పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) ఆడుతున్నాం, అదీ తెలుగులోనే. ఇన్నాళ్ళూ ఆట నడిపిన మిత్రుడికి ఈసారి తానూ ఒక పాత్ర తీసుకుని ఆడాలని ఉంది. కాబట్టి డీఎం (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపే మనిషి) కుర్చీ నాకొచ్చింది. వచ్చే ఆదివారమే నా మొదటి సెషన్.

అచ్చయిన అడ్వెంచర్ (ముందే రాసిపెట్టిన ఆట కథ) తీసుకోవాలని లేదు. ఈమధ్య ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ నుంచి జార్జ్ మెక్‌డొనాల్డ్ రాసిన 'ద ప్రిన్సెస్ అండ్ ద గాబ్లిన్' దించుకుని చదివాను. కొండ కింద గాబ్లిన్లు అనే వికారమైన పొట్టి జీవులు, కొండ మీద పెద్ద ఇంట్లో ఎనిమిదేళ్ళ రాకుమారి ఐరీన్, ఈ రెంటికీ మధ్య గనిలో పనిచేసే కర్డీ అనే కుర్రాడు. చదువుతున్నంతసేపూ మా వాళ్ళు ఆ సొరంగాల్లో తిరుగుతున్నట్టే ఊహించుకున్నాను.

పది పేజీల నోట్సు కూడా రాశాను. మొదటి సీన్లో గని గోడ అవతల గాబ్లిన్ల మాటలు వినపడతాయి, రెండో సీన్లో వాళ్ళ సభలోకి తొంగిచూస్తారు, మూడో సీన్లో పట్టుబడతారు, ఇలా చివరిదాకా. ఇప్పుడు మళ్ళీ చదువుకుంటే టెన్షన్ మొదలైంది. మా వాళ్ళు గోడ అవతలి మాటలు విని నేరుగా ఊళ్ళోకి పరిగెత్తితే నా మిగతా తొమ్మిది పేజీలు ఏం కావాలి?

రూల్స్ ఏవి తీసుకుంటే బాగుంటుంది, రాసినదాన్ని తర్వాత అందరికీ ఉచితంగా పంచొచ్చా అన్నది కూడా చెప్పండి.


ఇరవైముఖాలు | శనివారం, రాత్రి 10:25

లాంతరు గారూ, మంచి పుస్తకం పట్టుకున్నారు. మీ నోట్సులో సీన్లు తీసేయండి, మనుషుల్నీ చోట్లనీ ఉంచండి. నవలలో కర్డీ ఏం చేశాడన్నది మీకు అక్కర్లేదు, ఎందుకంటే కర్డీ స్థానంలో ఇప్పుడు మీ వాళ్ళు ఉంటారు. మీకు కావలసింది వాళ్ళు ఏమీ చేయకపోతే కొండ కింద ఏం జరిగిపోతుందన్నది.

ఆ విషయంలో మెక్‌డొనాల్డ్ మీ పని సగం చేసిపెట్టాడు. గాబ్లిన్లకు రెండు పథకాలున్నాయి. మొదటిది, సొరంగం తవ్వుకుంటూ ఇంటి కిందికి చేరి రాకుమారిని ఎత్తుకెళ్ళి తమ యువరాజుకిచ్చి పెళ్ళి చేయడం. అది బెడిస్తే రెండోది, గనుల్లోకి నీళ్ళు వదిలి పనివాళ్ళందరినీ ముంచేయడం. అడ్వెంచర్‌కి ఇంతకంటే ఏం కావాలి?

కాగితం మీద రెండు గుండ్రాలు గీయండి. ఒక్కోదాన్నీ ఆరు ముక్కలు చేయండి. ఒకటి సొరంగం, ఇంకోటి నీళ్ళు. మీ వాళ్ళు ఒక రాత్రి విశ్రాంతి తీసుకుంటే సొరంగంలో ఒక ముక్క నింపండి. గాబ్లిన్లు తమ గుట్టు బయటపడిందని తెలుసుకుంటే నీళ్ళలో ఒక ముక్క. గుండ్రం నిండితే ఆ పని జరిగిపోయినట్టే. దీన్ని క్లాక్ అంటారు. 2010లో వచ్చిన 'అపొకలిప్స్ వరల్డ్' అనే ఆటతో ఈ పద్ధతికి బాగా పేరొచ్చింది, ఇప్పుడు ఏ రూల్స్‌తో ఆడేవాళ్ళైనా వాడుకుంటున్నారు. మీ వాళ్ళు ఊళ్ళోకి పరిగెత్తితే పరిగెత్తనివ్వండి. ఈలోపు కింద తవ్వకం సాగుతుంది, మీ పేజీలూ వృథా కావు.

గుండ్రాలు వాళ్ళకు కనపడేలా టేబుల్ మధ్యలో పెట్టమని నా సలహా. నాలుగో ముక్క నింపేటప్పుడు టేబుల్ చుట్టూ వచ్చే నిశ్శబ్దం మీరే చూస్తారు.


పాతపుటలు | ఆదివారం, ఉదయం 7:15

ఈ పుస్తకం పేరు కనపడగానే నిద్ర లేచి కూర్చున్నాను!

మనం ఆటల్లో చూసే గాబ్లిన్లకు ఈ పుస్తకంతో నిజంగానే చుట్టరికం ఉంది. తన గాబ్లిన్లు చాలావరకు పాత గాబ్లిన్ కథల సంప్రదాయం నుంచి, ముఖ్యంగా మెక్‌డొనాల్డ్ నుంచి వచ్చాయని 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసిన టోల్కీన్ 1954లో ఒక ఉత్తరంలో రాశాడు. మెత్తని పాదాల సంగతి మాత్రం తాను ఎన్నడూ నమ్మలేదని కూడా అందులోనే చెప్పాడు. ఆయన పుస్తకాల ప్రభావం 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆర్‌పీజీ మీద గట్టిగా పడింది. అంటే మీరు ఆదివారం నాడు ఆ గాబ్లిన్లను పుట్టింటికి తీసుకొస్తున్నారు.

టోల్కీన్ వద్దనుకున్న ఆ పాదాలే మీకు పెన్నిధి. ఈ గాబ్లిన్ల తల రాయిలా గట్టి, కొట్టినా ఏం కాదు. పాదాలు మాత్రం మెత్తన, తొక్కితే విలవిల్లాడతారు. ఒక్క రాణి మాత్రం రాతి చెప్పులు వేసుకుని తిరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా వాళ్ళకు పాటంటే, ప్రాస కుదిరిన మాటంటే పడదు. కర్డీ అప్పటికప్పుడు చరణాలు కట్టి పాడుతుంటే తట్టుకోలేక పారిపోతారు.

దీన్ని మాత్రం పాచికకు వదిలేయకండి. మీరు ఆడేది తెలుగులో! టేబుల్ దగ్గర నిజంగానే రెండు పద్యపాదాలు కట్టమనండి. అంత్యప్రాస కుదిరితే గాబ్లిన్లు వెనక్కి తగ్గుతారు. ఆశువుగా పద్యం అల్లడం తెలుగువాళ్ళకి ఎంత ఇష్టమైన విద్యో చెప్పాలా!

ఇంకో సంగతి. వాళ్ళు ఒకప్పుడు నేల మీద బతికిన మనుషులేనని ఆ ప్రాంతపు గాథ ఒకటి పుస్తకం మొదట్లోనే వస్తుంది. రాజు పన్నులు పెంచాడనో, కఠినంగా చూశాడనో కోపం వచ్చి కొండ కిందికి వెళ్ళిపోయారట. నవల ఆ అన్యాయాన్ని పెద్దగా పట్టించుకోదు. మీ టేబుల్ పట్టించుకోవచ్చు.


నేలమాళిగ | ఆదివారం, ఉదయం 8:50

పైవాళ్ళు చెప్పింది బాగుంది కానీ ఒక ఇబ్బంది ఉంది. పాదాల రహస్యం ఒకసారి తెలిసిపోతే ప్రతి పోట్లాటా కాళ్ళు తొక్కడమే అవుతుంది. మూడో పోట్లాటకి విసుగొస్తుంది. మీ నలుగురిలో ఒక్కరు ఆ పుస్తకం చదివి ఉన్నా మొదటి నిమిషంలోనే రహస్యం పోయినట్టే. పాటకు భయపడటం మాత్రమే ఉంచి, పాదాల సంగతి వదిలేయడం మేలని నా అభిప్రాయం.

రూల్స్ విషయం: మొదటిసారి నడుపుతున్నారు కాబట్టి చిన్నవి తీసుకోండి. 'కెయిర్న్' ఉచితంగా దొరుకుతుంది. పాత్రకు మూడే గుణాలు: బలం, చురుకుదనం, మనోబలం. ఒక్కోదానికి మూడు ఆరుముఖాల పాచికలు వేసి కూడుకోవడమే. ప్రమాదం వచ్చినప్పుడు ఇరవైముఖాల పాచిక వేసి ఆ గుణం అంకెకు సమానంగా గానీ తక్కువగా గానీ పడితే గట్టెక్కినట్టు. పోట్లాటలో దెబ్బ తగిలిందా లేదా అని వేసేది ఉండదు. తగులుతుంది, ఎంత గట్టిగా తగిలిందన్నదే పాచిక తేలుస్తుంది. అందుకే కత్తి దూసే ముందు మనుషులు రెండుసార్లు ఆలోచిస్తారు. గనిలో దాక్కుంటూ తిరిగే కథకు ఇది సరిగ్గా సరిపోతుంది.


ఇరవైముఖాలు | ఆదివారం, ఉదయం 9:30

నేలమాళిగ గారూ, పాదాల విషయంలో మీతో ఏకీభవించలేను. బలహీనత తెలిశాక ఆట చప్పబడదు, ఆలోచన మొదలవుతుంది. ఇరుకు సొరంగంలో పాకుతూ ఉంటే కాలు తొక్కడం ఎలా? మోకాళ్ళలోతు బురదలో? వాళ్ళు పైన అటక లాంటి రాతి గట్టు మీద నిలబడితే? పైగా రాణికి రాతి చెప్పులున్నాయి, కాబట్టి అందరికంటే భయంకరమైన మనిషి ఆవిడే. రహస్యం ముందే తెలిసిన ఆటగాడుంటే, ఆ రహస్యం అతని పాత్రకు వాళ్ళ తాత చెప్పాడని అనేయండి. గొడవ తీరిపోతుంది.


నేలమాళిగ | ఆదివారం, ఉదయం 9:52

బురద మాట ఒప్పుకుంటాను. చోటు మారుస్తూ ఉంటే నిలబడుతుంది.


మ్యాప్‌గీత | ఆదివారం, మధ్యాహ్నం 2:10

పొద్దుటి నుంచి మ్యాప్ గీస్తూ కూర్చున్నాను, అందుకే ఆలస్యం. మూడు అంతస్తులు పెట్టాను: పైన ఇల్లు, మధ్యలో మనుషుల గని, అడుగున గాబ్లిన్ల ఊరు. మధ్య అంతస్తుకూ అడుగుకూ మధ్య పలుచని గోడలున్న చోట్లు మూడు. అవతలి మాటలు వినపడేది అక్కడే.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి రెండు దారాలు. ఒకటి కర్డీది, మామూలు తాడు. తన పికాసుకు కట్టి, దారి తప్పకుండా పట్టుకుని వెనక్కి వస్తుంటాడు. ఒకరోజు గాబ్లిన్ల జంతువులు ఆ పికాసును ఈడ్చుకుపోతాయి, తాడును నమ్ముకుని వస్తే గాబ్లిన్ల మధ్యలో తేలతాడు. రెండోది ఐరీన్ ముత్తవ్వ వడికిన దారం. అది కంటికి కనపడదు, వేలికి మాత్రమే తగులుతుంది. ముందుకే నడిపిస్తుంది, వెనక్కి తడిమితే ఉండదు.

ఈ రెంటినీ రెండు వస్తువులుగా ఇచ్చి చూడండి. తాడు ఎటైనా వెళ్ళనిస్తుంది కానీ ఎవరైనా దాన్ని కదిలించవచ్చు. ముత్తవ్వ దారం ఎప్పుడూ తప్పదు, కానీ ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పదు, వెనక్కి తిరగనివ్వదు. ఏది పట్టుకోవాలో తేల్చుకోవడానికి మీ వాళ్ళు అరగంట వాదించుకుంటారు.

బొమ్మలు కావాలంటే మొదటి ప్రచురణకు ఆర్థర్ హ్యూస్ వేసినవి ఉన్నాయి, ఆయన 1915లో పోయారు. 1920 నాటి ప్రచురణకు జెస్సీ విల్‌కాక్స్ స్మిత్ రంగుల్లో వేశారు, ఆవిడ 1935లో పోయారు. రెండూ ఇప్పుడు స్వేచ్ఛగా వాడుకోవచ్చు. ఒక్కటే జాగ్రత్త: ఈ కథ మీద 1991లో ఒక యానిమేషన్ సినిమా వచ్చింది. అందులోని రూపాలూ మార్పులూ ఆ సినిమావాళ్ళవి. వాటి జోలికి వెళ్ళొద్దు.


తొలిపాచిక | ఆదివారం, సాయంత్రం 4:30

నేను ఇంతవరకూ ఆడలేదు, చదువుతుంటేనే ఆడాలనిపిస్తోంది. నా దగ్గర ఆరుముఖాల పాచికలు తప్ప ఏమీ లేవు. ఇరవైముఖాలది లేకుండా మొదలుపెట్టలేమా?


ఇరవైముఖాలు | ఆదివారం, సాయంత్రం 5:05

తప్పకుండా మొదలుపెట్టొచ్చు. ఇరవై చిన్న కాగితం ముక్కల మీద 1 నుంచి 20 దాకా రాసి డబ్బాలో వేసి ఒకటి తీయండి. 1979 ప్రాంతంలో పాచికల కొరత వస్తే డంజన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ సెట్‌లోనే పాచికలకు బదులు అంకెలు వేసిన చీటీలు పెట్టి అమ్మారు. తీసిన చీటీని ప్రతిసారీ మళ్ళీ డబ్బాలో వేయడం మాత్రం మరిచిపోకండి. వేయకపోతే ఒకసారి వచ్చిన అంకె మళ్ళీ రాదు, లెక్క మారిపోతుంది.

ఆరుముఖాల పాచికలు మూడు కలిపి వేసినప్పుడు వచ్చే తేడా కూడా గమనించండి. ఇరవైముఖాలలో ప్రతి అంకెకూ సమాన అవకాశం, 20లో ఒకటి. మూడు పాచికల కూడికలో 216 రకాలుగా పడొచ్చు. వాటిలో 10 వచ్చేవి 27, 11 వచ్చేవి మరో 27. 18 రావడానికి మాత్రం ఒకే ఒక్క దారి. అందుకే పాత్రల గుణాలు ఎక్కువగా మధ్యలోనే ఉంటాయి, 18 పడిన రోజును ఎవరూ మరిచిపోరు.


లాంతరు | ఆదివారం, రాత్రి 8:15

మీరందరూ ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు, చాలా సంతోషంగా ఉంది. సీన్లు తీసేశాను. పది పేజీలు మూడయ్యాయి. మ్యాప్‌గీత గారి మ్యాప్ ప్రింట్ తీసుకుంటున్నాను.

ఒక ప్రశ్న మిగిలింది. గాబ్లిన్‌ని తెలుగులో ఏమనాలి? పిశాచి అనొచ్చా? మరుగుజ్జు?


పాతపుటలు | ఆదివారం, రాత్రి 8:40

పిశాచి అనగానే చచ్చి తిరిగొచ్చినది అనుకుంటారు, ఇవి బతికున్నవి. మరుగుజ్జు అస్సలు వద్దు, అది నిజంగా ఉన్న మనుషులను అనే మాట, దాన్ని శత్రువులకు పెట్టడం బాగుండదు. గాబ్లిన్ అనే ఉంచండి. లేదంటే గనివాళ్ళు వాళ్ళకు పెట్టుకున్న పేరు ఒకటి కల్పించండి. మా పాత బృందంలో 'అడుగువాళ్ళు' అనేవాళ్ళం. అడుగున ఉండేవాళ్ళు, అడుగులు మెత్తనివాళ్ళు, రెండూ కలిసొచ్చాయి.

పేర్ల గురించి ఒక పాత సంగతి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలి పుస్తకాల్లో 'హాబిట్' అనే రాశారు. టోల్కీన్ రచనల హక్కులున్నవాళ్ళు అభ్యంతరం చెప్పాక అది 'హాఫ్లింగ్' అయింది, నడిచే చెట్టు 'ఎంట్' కాస్తా 'ట్రీయెంట్' అయింది. సొంత పేరు పెట్టుకుంటే ఆ బాధ ఉండదు, ఆ పేరు మీదే అవుతుంది.

పంచడం గురించి అడిగారు కదా. మెక్‌డొనాల్డ్ 1905లో పోయారు, కాబట్టి ఏ లెక్కన చూసినా ఆయన పుస్తకాలు అందరివీ. కానీ ప్రతి పాత పుస్తకమూ అంత తేలిక కాదు. లార్డ్ డన్సనీనే చూడండి. గైగాక్స్ 1979లో డంజన్ మాస్టర్స్ గైడ్ చివర తనకు స్ఫూర్తినిచ్చిన రచయితల జాబితా ఇచ్చాడు, అందులో డన్సనీ ఉన్నాడు. ఆయన పెగానా దేవతల కథలు 1905లో అచ్చయ్యాయి, ఆయన 1957లో పోయాడు. అమెరికాలో అంత పాత ప్రచురణలకు హక్కులు ఎప్పుడో ముగిశాయి. భారత్‌లో రచయిత పోయాక 60 ఏళ్ళు కాబట్టి 2018 నుంచి స్వేచ్ఛ. 70 ఏళ్ళ లెక్క ఉన్న దేశాల్లో 2027 చివరిదాకా ఆగాలి. ఒకే పుస్తకం, మూడు జవాబులు.

అనువాదాల దగ్గర ఇంకా జాగ్రత్త. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు కావ్యం వెయ్యేళ్ళ నాటిదే, కానీ దానికి టోల్కీన్ చేసిన అనువాదం 2014లో అచ్చయింది, దానికి హక్కులున్నాయి. మూలం పాతదైనంత మాత్రాన మన చేతిలో ఉన్న అనువాదం పాతదైపోదు.


నేలమాళిగ | ఆదివారం, రాత్రి 9:20

దీనికి రూల్స్ వైపు నుంచి ఒక ముక్క. కెయిర్న్ పాఠ్యం క్రియేటివ్ కామన్స్‌లో (రచనలను కొన్ని షరతులతో ఉచితంగా పంచుకోనిచ్చే లైసెన్సులు) 'సీసీ బై ఎస్ఏ' లైసెన్సు మీద ఉంది. తెలుగులోకి మార్చి పంచొచ్చు, రచయిత పేరు చెప్పాలి, మీ తెలుగు పాఠ్యాన్ని కూడా అదే లైసెన్సు మీద ఇవ్వాలి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం, ఎస్ఆర్‌డీ 5.1, 2023 జనవరి నుంచి 'సీసీ బై' మీద ఉంది. దానికి పేరు చెబితే చాలు. లైసెన్సు చివర 'ఎన్‌డీ' అని ఉంటే మాత్రం మార్చి పంచకూడదు, అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది.


లాంతరు | తర్వాతి సోమవారం, ఉదయం 6:50

ఆడాం! నాలుగు గంటలు, నాకు ఇంకా నిద్ర పట్టలేదు.

మొదటి గంటలోనే మా వాళ్ళు నేను భయపడ్డట్టే చేశారు. గోడ అవతలి మాటలు విని ఊళ్ళోకి పరిగెత్తారు. గనివాళ్ళను పోగుచేసి, ఒప్పించి, తిరిగొచ్చేసరికి సొరంగం క్లాక్‌లో మూడు ముక్కలు నిండాయి. నేను ఏమీ లాగలేదు, తోయలేదు. గుండ్రం చూసుకుని వాళ్ళే కంగారుపడి రాత్రికి రాత్రి కిందికి దిగారు.

పాట నియమం ఇలా పెట్టాను: పది లెక్కపెట్టేలోపు రెండు పాదాలు, ఒకసారి వాడిన ప్రాస మళ్ళీ వాడకూడదు, మొదటి పాదం ఒకరు ఎత్తుకుంటే రెండోది ఇంకొకరు అందుకోవచ్చు. మా బృందంలో ఒకమ్మాయి చాలా తక్కువ మాట్లాడుతుంది, పాత్ర గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు. మిగతా ఇద్దరూ ప్రాస దొరక్క చూస్తుంటే ఎనిమిదో అంకె దగ్గర తను అందుకుంది:

రాతి నెత్తి ఉన్నా మీకు రాదు నిద్ర రాత్రికి
పాట చెవిన పడగానే పరుగు తీస్తారు గోతికి

గాబ్లిన్లకంటే ముందు మేమే లేచి నిలబడ్డాం. తర్వాత మిగిలిన సెషన్ అంతా తనే ముందు నడిచింది.

చివరికి రాణి ముందు నిలబడినప్పుడు వాళ్ళు పాడలేదు, తొక్కలేదు. 'మీ పెద్దలను ఏ రాజు వెళ్ళగొట్టాడు?' అని అడిగారు. నా నోట్సులో దానికి జవాబు లేదు. పాతపుటలు గారు చెప్పిన పన్నుల కథ గుర్తుకొచ్చి, రాణి చేత ఆ రాజు పేరు చెప్పించాను. ఆ పేరు ఐరీన్ వాళ్ళ వంశానిదే. నీళ్ళ క్లాక్ రెండు ముక్కల దగ్గర ఆగి ఉంది, మాటలు ఇంకా సాగుతున్నాయి.


పాతపుటలు | సోమవారం, ఉదయం 7:20

ఆ రెండు పాదాల్లో ప్రాసే కాదు, యతి కూడా పడింది! 'రాతి'కి 'రాదు', 'పాట'కి 'పరుగు'. ఎనిమిది లెక్కపెట్టేలోపు! దయచేసి ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి.


మ్యాప్‌గీత | సోమవారం, ఉదయం 10:05

రాణి సభ గది వేరుగా, పెద్దగా గీస్తాను. దారం ఎవరు పట్టుకున్నారు, తాడా, ముత్తవ్వదా?


లాంతరు | సోమవారం, మధ్యాహ్నం 1:30

తాడు పట్టుకున్నారు. సభలో మాటలు సాగుతుండగా జంతువులు దాన్ని ఎక్కడికి లాక్కెళ్ళాయో వాళ్ళకింకా తెలియదు.

మాలో ఒకతను నిన్న రాత్రే రాణికి చెప్పులు చెక్కే గాబ్లిన్ డైరీ అని రెండు పేజీలు రాసి పంపాడు. గ్రానైట్‌ని పాదానికి ఒరుసుకోకుండా ఎలా నున్నగా చేస్తాడో, రాణి నడుస్తుంటే ఆ చప్పుడును బట్టి ఆవిడ కోపాన్ని ఎలా కనిపెడతాడో రాశాడు. అంత బాగుంది కాబట్టి ఆ చెక్కేవాణ్ణి వచ్చేసారి ఆటలోకి తెస్తున్నాను. మ్యాప్, నియమాలు, డైరీ అన్నీ కలిపి 'సీసీ బై ఎస్ఏ' మీద పంచడానికి నలుగురూ ఒప్పుకున్నారు. మ్యాప్‌గీత గారూ, మీరూ సరేనంటే మీ పేరు మొదట వేస్తాను.

ఇక 1883 నాటి రెండో పుస్తకం 'ద ప్రిన్సెస్ అండ్ కర్డీ' మొదలుపెట్టాను. అందులో కర్డీ గులాబీల మంటలో చేతులు పెడతాడు. ఆ తర్వాత ఎవరి చెయ్యి పట్టుకున్నా, ఆ మనిషి లోపల ఏ జంతువుగా మారుతున్నాడో తెలిసిపోతుంది. ఈ శక్తిని ఆటలో ఎలా ఇవ్వాలి? అందరి ముందూ చెబితే మజా పోతుంది.


ఇరవైముఖాలు | సోమవారం, మధ్యాహ్నం 2:00

చీటీ రాయండి. ముందే ప్రతి మనిషికీ ఒక చీటీ సిద్ధం చేసుకోండి, జంతువు పేరు రాయకుండా చేతికి తగిలింది మాత్రమే రాయండి: 'చల్లగా, పొలుసులు', 'చిన్న గిట్ట', 'పసిపిల్ల చెయ్యి'. మడిచి ఆ ఆటగాడికి మాత్రమే ఇవ్వండి. మిగతావాళ్ళకు చెప్పాలా వద్దా అన్నది తనిష్టం. అన్నిటికంటే వికారంగా ఉన్న జంతువు పంజాకు 'పసిపిల్ల చెయ్యి' చీటీ ఇవ్వండి, పుస్తకంలో లీనా అనే జంతువుది అదే.


మ్యాప్‌గీత | సోమవారం, మధ్యాహ్నం 2:15

సరే, లైసెన్సుకి నేనూ ఒప్పుకుంటున్నాను. నా పేరు చివర వేసినా చాలు, ఆ రెండు పాదాలు కట్టిన అమ్మాయి పేరు ముందు వేయండి. సభ గది రాత్రికి పంపిస్తాను.